జనరేటర్ ఆపమనే ముందు ప్లగ్గు సంగతి చూడండి: ఆర్వీ క్యాంప్‌గ్రౌండ్ల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, మేనేజర్లకు,

నమస్కారం.

అమెరికాలో నేషనల్ పార్కుల్లో, స్టేట్ పార్కుల్లో, ఫారెస్ట్ సర్వీస్ అడవుల్లో ఆర్వీ క్యాంప్‌గ్రౌండ్లు నడిపే ప్రభుత్వ శాఖలకూ, ఆ శాఖల దగ్గర కాంట్రాక్టు తీసుకుని నడిపే సంస్థలకూ ఈ లేఖ. ఒక క్యాంప్‌గ్రౌండులో కరెంటు సరఫరా గురించి ఇంగ్లీషులో రాసిన ఫిర్యాదుకు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అంటూ కంప్యూటర్ పంపిన మెయిల్ ఒకటి వచ్చింది. మళ్లీ గుర్తు చేస్తే అదీ రాలేదు. అందుకే ఇప్పుడు తెలుగులో, నలుగురి ముందు పెడుతున్నాను. వేసవి సెలవుల్లో పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ ఎక్కించుకుని అద్దె ఆర్వీల్లో తిరిగే తెలుగు కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ లేవు. ముందు వాళ్లు చదవాలి, తమ అనుభవాలు చెప్పాలి. ఆ తర్వాత దీని ఇంగ్లీషు ప్రతి అందరి సంతకాలతో మీకు చేరుతుంది.

మీ పార్కుల అందం, మీ రేంజర్ల ఓపిక అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

సొంతూళ్లో ఉండి ఇది చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్వీ అంటే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ ఉన్న చక్రాల ఇల్లు. రాత్రికి దాన్ని క్యాంప్‌గ్రౌండులో ఒక సైటులో నిలుపుతారు. కొన్ని సైట్ల దగ్గర కరెంటు పెట్టె ఉంటుంది, దాన్ని ఇక్కడ పెడెస్టల్ అంటారు. బండికున్న లావుపాటి తీగను దానికి తగిలిస్తే ఇంట్లోలాగే అన్నీ నడుస్తాయి. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ ఇలా తగిలించుకునే ఏర్పాటునే హుకప్ అంటారు. అది లేని సైటులో బండి బ్యాటరీ మీద బతకాలి, బ్యాటరీ అయిపోతే జనరేటర్ వేయాలి.

జనరేటర్ గొడవను మీరు క్యాంపర్ల మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తున్నారు. బోర్డు మీద వేళలు రాసి, మోత పెట్టినవాణ్ణి మందలించి వెళ్లిపోతున్నారు. మేం అనేది ఒక్కటే: క్యాంప్‌గ్రౌండులో జనరేటర్ మోగుతోందంటే అక్కడ ప్లగ్గు లేకపోయి ఉండాలి, లేదా ఉన్న ప్లగ్గు పనికిరానిదై ఉండాలి. ఆ రెండూ మీ చేతిలో ఉన్నవే.

1. ప్లగ్గు లేని చోట ఏం జరుగుతోంది

యోసెమిటీ పార్కు లోపల ఏ క్యాంప్‌గ్రౌండులోనూ హుకప్ లేదు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కదానిలోనే ఉంది. అది ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గుడ్డ టెంట్లకు అక్కడ అనుమతి లేదు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మీద ట్రైలర్ విలేజ్‌లో హుకప్‌లు ఉన్నాయి, దగ్గర్లోని మేథర్ క్యాంప్‌గ్రౌండులో లేవు. 1913 జులై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైన డెత్ వ్యాలీ ఫర్నేస్ క్రీక్‌లో కూడా పార్కు క్యాంప్‌గ్రౌండులో హుకప్ సైట్లు కొన్నే.

ప్రతి చెట్టుకూ ప్లగ్గు పెట్టమని మేం అడగట్లేదు. నిజం చెప్పాలంటే నాకు హుకప్‌లు లేని క్యాంప్‌గ్రౌండ్లే ఇష్టం. అక్కడ బళ్ల సైజు చిన్నది, చీకటి చిక్కనిది. అడవిలో ఏసీ కావాలనేవాళ్ల మీద నాకు పెద్ద జాలి కూడా లేదు. కానీ జనరేటర్ వేసేవాళ్లంతా ఏసీ కోసమే వేస్తున్నారని మీరు అనుకుంటే అది పొరపాటు. చల్లటి కొండల మీద మోగే జనరేటర్లలో చాలావాటి పని బ్యాటరీ నింపడమే.

లెక్క చూడండి. బండిలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లది ఒకటి ఉందనుకుందాం. అది త్వరగా పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి, అంటే 50. సెప్టెంబరులో ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున రాత్రి గడ్డకట్టే చలి ఉంటుంది. హీటర్ గ్యాసు మీదే నడిచినా వేడిగాలిని తోసే ఫ్యాను మాత్రం బ్యాటరీదే. అది నడిచినంతసేపూ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో సగంసేపు నడిచినా 30 దాకా పోయినట్టే. ఇంట్లో పెద్దాయనకు గురక జబ్బు ఉండి, నిద్రలో ఊపిరి ఆగకుండా సీపాప్ యంత్రం పెట్టుకుంటే, తేమ గిన్నె వాడకపోయినా, గంటకు 40 వాట్ల చొప్పున రాత్రికి 320 వాట్-అవర్లు. అంటే ఇంకో 27 ఆంపియర్-అవర్లు. తెల్లవారక ముందే 50 దాటిపోయింది. లైట్లు, నీళ్ల పంపు ఇంకా లెక్కలోకి రానే లేదు.

మా ఇంట్లో ఆ పెద్దాయన మా నాన్నగారు. తెల్లవారుజామున యంత్రం ఆగిపోతే మళ్లీ పడుకోవడానికి భయపడి, దుప్పటి కప్పుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. బండిలో జనరేటర్ ఉంది, ట్యాంకులో పెట్రోలూ ఉంది. అది మోగించే వేళ కాదు. మోగించకూడదని మేమూ ఒప్పుకుంటాం, ఇరవై అడుగుల దూరంలో టెంటులో పసిబిడ్డతో ఇంకో కుటుంబం పడుకుని ఉంది. కానీ ఆ రాత్రి మా నాన్నగారికి కావలసింది ఒక ఏసీ పదిహేను నిమిషాల్లో తాగేసేంత కరెంటు. అంత చిన్న అవసరానికి మీ దగ్గర దారే లేకపోవడం మాకు కొరుకుడు పడట్లేదు.

2. గడియారం చూసి పెట్టిన వేళలు

యెల్లోస్టోన్‌లో జనరేటర్లను అనుమతించే క్యాంప్‌గ్రౌండ్లలో పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా వేసుకోవచ్చు. కొన్ని పార్కుల్లో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే. ఈ రెండో పద్ధతి వినడానికి బాగుంటుంది. జరిగేది మాత్రం వేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మొదట గబగబా నిండుతుంది, చివరి ఐదో వంతు నిండడానికి గంటలు పడుతుంది. రెండు గంటల్లో అది పూర్తిగా నిండదు. కాబట్టి అనుమతి ఉన్న ప్రతి నిమిషమూ ప్రతి ఒక్కరూ జనరేటర్ వేసే ఉంచుతారు. అద్దె బళ్లలో ఉండే జనరేటర్ సాధారణంగా 4,000 వాట్లది. బ్యాటరీ నింపడానికి కావలసింది దాదాపు 500 వాట్లు. అంత చిన్న పనికి అంత పెద్ద ఇంజను, ఒక లూపులో, అంటే సైట్లు వరసగా ఉండే ఒక చుట్టుదారిలో, ఇరవై బళ్లుంటే ఇరవై ఇంజన్లు, అందరూ కాఫీ తాగే వేళకే. వేళ మొదలైన నిమిషం ఆ లూపులో నిలబడి చూడండి. పిట్టల కూత వినబడదు, పక్కవాడి మాట వినబడదు.

ఇంకో చిక్కు ఉంది, చాలామందికి తెలియదు. బండి ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు తగ్గితే లోపలున్న జనరేటర్ ఆగిపోయేలా దాని గొట్టం అమర్చి ఉంటుంది. నడిదారిలో బండి ఆగిపోకూడదని చేసిన ఏర్పాటు అది, మంచిదే. కానీ పార్కు లోపల పెట్రోలు బంకు ముప్పై మైళ్ల అవతల ఉంటే, ఆ రాత్రికి బండిలో ఉన్న ముసలివాళ్లకు చీకటే.

3. మోత లెక్క

నేషనల్ పార్కుల నియమాల్లో మోతకు హద్దు ఉంది. ఫెడరల్ నిబంధనల 36వ టైటిల్‌లో 2.12 సెక్షన్ ప్రకారం 50 అడుగుల దూరంలో కొలిస్తే 60 డెసిబెల్స్ దాటకూడదు. అంతకంటే తక్కువైనా, వేళ, చోటు చూసుకుంటే అనవసరమైన రొద అనిపిస్తే అదీ తప్పే అని అదే సెక్షన్ చెబుతుంది. మంచి నియమం.

అయితే చాలాచోట్ల పక్క సైటులో టెంటు 50 అడుగుల దూరంలో ఉండదు. దూరం సగమైతే మోత ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. 25 అడుగుల దగ్గర పడుకున్న మనిషికి అది 66. చట్టప్రకారం నడిచే జనరేటర్ కూడా పక్కవాడి చెవిలో చట్టం దాటేసినట్టే ఉంటుంది. ఇన్వర్టర్ రకం చిన్న జనరేటర్లు ఈ హద్దులో హాయిగా ఇమిడిపోతాయి. కట్టడం పనుల దగ్గర వాడే గొట్టాల చట్రం జనరేటర్లు ఇమడవు. రెండింటికీ గేటు దగ్గర తేడా చూపేవాళ్లు లేరు, మీటరు పట్టుకుని వచ్చే రేంజరును నేనెక్కడా చూడలేదు.

4. పొగ

మోత నిద్ర చెడగొడుతుంది, పొగ ప్రాణం తీస్తుంది. జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అమెరికాలో పోర్టబుల్ జనరేటర్ల పొగకు ఏటా పదుల సంఖ్యలో మనుషులు చనిపోతున్నారు. వాటిని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టమని వినియోగదారుల భద్రతా కమిషన్ చెబుతోంది. మీ లూపుల్లో 20 అడుగులు వెళితే పక్కవాడి కిటికీ వస్తుంది. చలికి కిటికీ మూసుకోవచ్చు అంటారు. టెంటుకు కిటికీ ఎక్కడిది?

5. ప్లగ్గు ఉన్న చోట లో వోల్టేజీ

హుకప్ సైటుకు మామూలు సైటు కంటే ఎక్కువ అద్దె కడతాం. అక్కడ కూడా వేసవి మధ్యాహ్నం జనరేటర్లు మోగుతుంటే ఆశ్చర్యపోయాను. కారణం వెతికితే దొరికింది.

అమెరికాలో వైరింగుకు ప్రమాణం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. దాని 551వ ఆర్టికల్‌లో ఆర్వీ పార్కుల లెక్కలున్నాయి. 30 ఆంపియర్ల సైటుకు 3,600 వోల్ట్-ఆంపియర్ల (ఇక్కడ వాట్లనే అనుకోండి) చొప్పున కూడి, అందరూ ఒకేసారి పూర్తిగా వాడరన్న నమ్మకంతో ఆ మొత్తాన్ని తగ్గిస్తారు. 36 సైట్లు, అంతకు పైన ఉంటే 41 శాతానికి సరిపడా లైను వేస్తే చాలు. పాత లూపు ఒకటి, అన్నీ 30 ఆంపియర్ల సైట్లే, నలభై ఉన్నాయనుకోండి. సైటుకు సగటున వచ్చేది 1,476 వాట్లు. 13,500 బీటీయూల ఏసీ, అంటే ఒక టన్ను కంటే కాస్త పెద్దది, ఒకటి నడవడానికే దాదాపు అంత కావాలి. ఇక పొయ్యి దగ్గర రైస్ కుక్కర్, మైక్రోవేవ్, నీళ్ల హీటర్? ఈమధ్య ఎలక్ట్రిక్ కార్లను కూడా 50 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించి గంటల తరబడి చార్జ్ చేస్తున్నారు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం 105 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యాహ్నం నిలబడేది కాదు. ఇది నా మాట కూడా కాదు. విపరీతమైన ఎండ, చలి ఉండే ప్రాంతాల్లో ఈ శాతాలు సరిపోకపోవచ్చని ఆ పట్టికతో పాటే కోడ్ ఒక గమనిక రాసి పెట్టింది. దాన్ని చదివి లైను వేసినవాళ్లు ఎందరో మీరే చెప్పాలి.

మన ఊళ్లలో వేసవిలో అందరూ ఒకేసారి బోరు మోటార్లు వేస్తే లో వోల్టేజీ వచ్చి కాయిళ్లు కాలిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. 120 ఉండాల్సిన వోల్టేజీ 100 దగ్గరికి పడితే ఏసీ కంప్రెసర్ తిరగలేక మూలుగుతుంది, ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. జాగ్రత్తపరులు తగిలించుకునే రక్షణ పరికరం 104 దగ్గర కరెంటు కట్ చేసేస్తుంది. అది లేనివాడికి కంప్రెసర్ పోతుంది, అద్దె బండి అయితే డిపాజిట్టూ పోతుంది. దాంతో జనం డబ్బు కట్టిన ప్లగ్గు పీకేసి జనరేటర్ వేసుకుంటారు. క్యాంప్‌గ్రౌండు చూసుకునే మీ హోస్టు వచ్చి, "హుకప్ సైటులో జనరేటర్ వేయకూడదు" అని బోర్డు చూపిస్తాడు.

6. ఎర్తింగ్ లేని పెట్టె

ఈ లేఖకు అసలు కారణం ఇది.

మా నాన్నగారు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చినా చొక్కా జేబులో టెస్టర్ లేకుండా బయటికి రారు. ఒక క్యాంప్‌గ్రౌండులో బండి నిలిపి, ప్లగ్గు తగిలించి, నీళ్ల పైపు బిగించాం. పైపు కారి నేల తడిసింది. మా అబ్బాయి చెప్పులు వదిలేసి తడి నేల మీద నిలబడి తలుపు తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తాతయ్యా, చీమ కుట్టినట్టుంది" అన్నాడు. నాన్నగారు వాణ్ణి పక్కకు లాగి, టెస్టర్ తీసి తలుపు హ్యాండిల్‌కు ఆనించారు. చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. బంపర్‌కు ఆనించారు, వెలిగింది. మెట్టుకు ఆనించారు, అక్కడా వెలిగింది. బండి ఒళ్లంతా కరెంటు.

మెయిన్ బ్రేకర్ దింపి, ప్లగ్గు పీకి, మేనేజరును పిలిచాం. వచ్చినతను మర్యాదగానే మాట్లాడాడు. మీ బండిలోనే లోపం ఉండొచ్చు, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు అన్నాడు. పక్క సైటు ఇచ్చాడు. అక్కడ అదే బండి, అదే తీగ, అదే టెస్టర్. బల్బు వెలగలేదు. పెట్టెలో ఎర్త్ తీగ ఊడిపోయి ఉంటుందని నాన్నగారు అన్నారు. ఎర్త్ లేకపోతే లోపల ఏ కాస్త లీకేజీ ఉన్నా అది భూమిలోకి పోయే దారి లేక బండి ఒంటి మీదే నిలిచిపోతుంది, బ్రేకర్ ట్రిప్ అవదు. ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. బండి టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, దిగేటప్పుడో ఎక్కేటప్పుడో తెలుస్తుంది.

పాత సైటు పెట్టెకు తాళం వేయలేదు. ఒక కాగితమైనా అతికించలేదు. మర్నాడు మధ్యాహ్నం అదే సైటులోకి ఇద్దరు పసిపిల్లలతో ఇంకో కుటుంబం వచ్చి పెట్టెకు తగిలించడానికి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. మా నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. టెస్టర్ పైకెత్తి పట్టుకుని, "నో! నో! షాక్!" అని అరుస్తూ పరుగెత్తారు. ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించి రాయను. మీరు ఊహించుకోండి.

50 ఆంపియర్ల పెట్టెల్లో ఇంకో ప్రమాదం ఉంది. న్యూట్రల్ తీగ వదులైతే 120 వోల్టులకు చేసిన టీవీ, మైక్రోవేవ్, చార్జర్ల మీద 240 దాకా వచ్చి పడొచ్చు. ఏడాది పొడవునా ఎండకు, వానకు నిలబడి, రోజుకో కొత్త చెయ్యి ప్లగ్గు గుచ్చి పీకే సాకెట్లు వదులవడం సహజం. వాటిని ఎవరు, ఎప్పుడు, దేనితో చూస్తున్నారన్నదే మా ప్రశ్న.

7. చెప్పకపోవడం

బుకింగులో "ఎలక్ట్రిక్" అని ఒక్క మాట ఉంటుంది, ఆంపియర్లు ఉంటాయి. లూపు వేసవిలో ఆ భారం మోస్తుందా, పక్క లూపులో జనరేటర్లు ఉన్నాయా, టెంట్లు ఎంత దూరంలో ఉన్నాయి, ఇవేవీ ఉండవు. మా వైపు నుంచి కూడా ఒక మాట. మనవాళ్లు ఫిర్యాదు చేయరు, సర్దుకుపోతారు. రెండు రాత్రులే కదా అనుకుంటారు. వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఉంటే, ఆఫీసులవాళ్లతో మనకెందుకు అంటారు. ఫిర్యాదు రాలేదు కాబట్టి లోపం లేదని మీరు లెక్కేసుకుంటే, ఆ లెక్కలో మాలాంటివాళ్లు లేరు.

ఇక మేం కోరేవి.

మొదటిది, ఆలస్యం చేయకూడనిది: ప్రతి కరెంటు పెట్టెనూ సీజను మొదలయ్యే ముందు ఒకసారి, సీజను మధ్యలో ఒకసారి పరీక్షించాలి. ఎర్త్, న్యూట్రల్, వైర్ల వరస, ఏసీలన్నీ నడిచే మధ్యాహ్నం పూట వోల్టేజీ చూసి, తేదీతో ఒక చీటీ పెట్టె తలుపు లోపల అతికించాలి. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు, ఒక మనిషి, ఒక మీటరు చాలు. షాక్ అని ఎవరైనా చెప్పిన పెట్టెకు, ఎలక్ట్రీషియన్ చూసేదాకా తాళం పడాలి. "ఇంతవరకు ఎవరూ చెప్పలేదు" అన్నది జవాబు కాదు.

రెండోది: హుకప్‌లు లేని పెద్ద క్యాంప్‌గ్రౌండ్లలో కొన్ని సైట్లనైనా వైద్య అవసరాలకు కేటాయించి 20 ఆంపియర్ల మామూలు సాకెట్ పెట్టండి. అది కూడా కష్టమైతే బాత్రూమ్ బిల్డింగ్ గోడకు తాళాలున్న చార్జింగ్ అరలు పెట్టండి. సీపాప్‌కు సరిపడే పోర్టబుల్ బ్యాటరీని పగలు అక్కడ నింపుకుని రాత్రి తెచ్చుకుంటాం. ఒక్కొక్క అర ఒక్కొక్క జనరేటర్‌ను ఆపుతుంది. ఎన్నో బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే మిషన్‌కు కరెంటు ఉంది కదా.

మూడోది: జనరేటర్ లూపు వేరు, టెంట్ల లూపు వేరు చేయండి. కొన్ని పార్కులు ఇప్పటికే చేస్తున్నాయి. వేళలు తగ్గించండి, మాకు అభ్యంతరం లేదు. కానీ 60 డెసిబెల్స్ దాటే చట్రం జనరేటర్లను గేటు దగ్గరే ఆపండి.

నాలుగోది: వేడి ప్రాంతాల్లో పాత లూపులు తవ్వి బాగుచేసేటప్పుడు 41 శాతం దగ్గర ఆగకండి. 2020లో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ యాక్ట్ కింద 2021 నుంచి 2025 దాకా ఏటా 190 కోట్ల డాలర్ల వరకు పాత మరమ్మతులకు కేటాయించారు. అందులో పెద్ద వాటా నేషనల్ పార్క్ సర్వీస్‌దే. ఆ సొమ్ముతో ఏ క్యాంప్‌గ్రౌండులో కరెంటు లైన్లు మార్చారో, ఎక్కడ మార్చలేదో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక పేజీ ప్రచురించండి. రోడ్డు ఒకసారి తవ్వినప్పుడు రేపటి కేబుల్ కోసం ఖాళీ పైపు వేసి పూడ్చితే మళ్లీ తవ్వే ఖర్చు తప్పుతుంది. ఆ మాట చెప్పింది కూడా మా నాన్నగారే.

అద్దె ఆర్వీ కంపెనీలకు ఒక్క మాట. జనరేటర్‌కు గంటల లెక్కన డబ్బు తీసుకుంటూ, బండిలో చవక లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టి పంపడం బేరంలా లేదు, ఎరలా ఉంది. లిథియం బ్యాటరీ, కప్పు మీద ఒక సోలార్ ప్యానెల్ ఉన్న బండికి కాస్త ఎక్కువ అద్దె అడగండి, ఇస్తాం. చెట్ల నీడలో సోలార్ అంతగా పనిచేయదని మాకూ తెలుసు, కానీ దారిలో పగలంతా ఎండే.

మన తెలుగు కుటుంబాలకు: పెట్టెకు తీగ తగిలించే ముందు బ్రేకర్ దింపి ఉంచండి. ముందు ఒక టెస్టర్ ప్లగ్గు గుచ్చి, బ్రేకర్ ఎత్తి పెట్టెను చూసి, బాగుందంటేనే మళ్లీ బ్రేకర్ దింపి తీగ తగిలించండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చిన్న టెస్టర్ 20 ఆంపియర్ల సాకెట్‌కే సరిపోతుంది, 30, 50 ఆంపియర్లకు ఆర్వీ సామాన్ల దుకాణంలో రక్షణ పరికరం కొనుక్కోవాలి. బండి ఒళ్లు చిమచిమలాడితే చెప్పులు వేసుకుని సర్దుకోకండి, బ్రేకర్ దింపి ఆఫీసుకు వెళ్లండి, ఫోటో తీయండి, సైటు నంబరు రాసుకోండి. ఏసీ నడుస్తున్నప్పుడు కుక్కర్ గ్యాసు పొయ్యి మీద పెట్టండి. పొద్దున్నే టెంట్ల పక్కన జనరేటర్ వేసి చట్నీకి మిక్సీ తిప్పేవాళ్లుంటే, దయచేసి పొడులతో కానివ్వండి. మనం అడిగే మాటకు విలువ ఉండాలంటే మన రొద కూడా కాస్త తగ్గాలి. మీకు ఇలాంటివి ఎదురై ఉంటే క్యాంప్‌గ్రౌండు, తేదీ, సైటు నంబరు, మీటరు మీద కనిపించిన వోల్టేజీ రాసి పెట్టుకోండి, ఇంగ్లీషు ప్రతికి జత చేద్దాం.

అధికారులకు చివరిగా: మీ సైట్లలో చాలావాటికి బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు. వచ్చే జూన్‌లో అమ్మానాన్నలతో బయల్దేరాలనుకునేవాళ్లు డిసెంబరులోనే డబ్బు కడతారు. పెట్టెల పరీక్ష ఎప్పుడు చేస్తారు, వైద్య అవసరాల సైట్లు ఇస్తారా ఇవ్వరా, ఈ రెండింటికైనా బుకింగులు తెరిచేలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఇవ్వలేమంటే అదే ముక్క బుకింగ్ పేజీలో రాయండి. దాన్నిబట్టి మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం.

ఇట్లు,
భవదీయుడు,
కుటుంబంతో ఆర్వీలో తిరిగే ఒక తెలుగు క్యాంపరు